చేయి లోపల

చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఇంత కష్టమని ఆవిడకు ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. కష్టమంటే ఏడుపొచ్చే కష్టం కాదు. నిజం చెప్పాలంటే ఆ మధ్యాహ్నం ఆవిడ మనసు చాలావరకు నిమ్మళంగానే ఉంది, చేతులే మాట వినడం లేదు. ఒకదాన్ని తీసుకెళ్ళి రెండోదాని మీద పెడితే కిందున్నది మెల్లగా జారిపోయి పైకొచ్చి కూర్చుంటోంది. ఆపరేషన్ థియేటర్‌కీ బట్టలు మార్చుకునే గదికీ మధ్యనున్న ఇరుకు గది అది. చేతులు కడుక్కునే తొట్టి, మోచేత్తో తిప్పే కుళాయి, ఒక కాలు పొట్టిదైన గుండ్రటి స్టూలు. ఆ స్టూలు మీద ఆవిడ, ఒంటిమీద ఆకుపచ్చ బట్టలు, తలకు టోపీ, మెడలో వేలాడే మాస్కు, అన్నీ ఉన్నాయి, పని ఒక్కటే లేదు. అటూ ఇటూ వెళ్ళే నర్సులు ఆవిడను చూసి అలవాటుకొద్దీ గోడవారకు ఒదగబోయి, ఇవాళ ఈవిడ పెద్ద డాక్టరమ్మ కాదనీ, లోపల పడుకున్న అమ్మాయి తల్లి మాత్రమేననీ గుర్తొచ్చి, ఏం చెయ్యాలో తోచక ఓ నవ్వు నవ్వి వెళ్ళిపోతున్నారు. ఆవిడా నవ్వుతోంది. నవ్వడానికి డబ్బులు ఖర్చు కావు కదా అని తనలో తనే అనుకుంది.

తలుపుకి గుండ్రటి అద్దం ఉంది కానీ అది గరుకుటద్దం, వెలుతురు తప్ప మనిషి కనిపించడు. కూతురు అయితే ఆ అద్దాన్ని చూసి ముక్కు విరిచేది. ఆ పిల్లది కళ్ళజోళ్ళ దుకాణం. నెలలు నిండేదాకా అద్దాలు అరగదీసే యంత్రం ముందే కూర్చుంది, కడుపు అడ్డమొస్తే పక్కకు తిరిగి కూర్చుందిగానీ మానలేదు. ఒక సాయంత్రం అలా పక్కకు తిరిగి కూర్చునే, అద్దం మీది పొడిని నోటితో ఊదుతూ, ఏదో కూరగాయల సంగతి మాట్లాడుతున్నంత మామూలుగా ఆ మాట అంది. “నువ్వు లోపలికొస్తే అందరూ నీ మొహం చూస్తారమ్మా, నా కడుపు ఎవరూ చూడరు. నువ్వు బయటే ఉండు. నాకు డాక్టర్లు కావలసినంతమంది దొరుకుతారు, అమ్మవి నువ్వొక్కదానివే.” ఆవిడకు ఆ క్షణాన ఒళ్ళు మండింది. ఎంతమంది కడుపుల్లో చెయ్యి పెట్టిన మనిషి తను, సొంత కూతురికి పనికిరాకుండా పోయిందా? ఇంటికొచ్చి అన్నం సహించక కూర్చుంది. రాత్రి మళ్ళీ ఆకలేసి తినేటప్పుడు, ఆ పిల్ల చెప్పిందాంట్లో అబద్ధమేముందని అనిపించింది. తను గదిలో ఉంటే మత్తు డాక్టర్ కూడా తన గడియారం వదిలేసి ఆవిడ కనుబొమల వంకే చూస్తాడు. మర్నాడు వెళ్ళి, సరే రాను పోవే అని మాటిచ్చి వచ్చింది. మాటిచ్చాక మనసు తేలికపడింది కూడా, ఎవరో బరువు దించిపెట్టినట్టు.

పొద్దున నొప్పులు బాగానే వచ్చాయి, గర్భద్వారం పూర్తిగా తెరుచుకుంది, ఆ పిల్ల ముక్కీ మూలిగీ తన ప్రయత్నమంతా చేసింది. కానీ బిడ్డ నేలచూపు చూడవలసింది ఆకాశం చూస్తూ దిగింది. అలా దిగిన తల తల్లి ఎముకల మధ్య ఇరుక్కుని, ముందుకీ రాక వెనక్కీ పోక బిగుసుకుంది. శిష్యురాలు పరీక్ష చేసి, గ్లౌజులు తీసేసి, ఆవిడ దగ్గరికొచ్చి నిలబడింది. ఆపరేషన్ చేద్దాం మేడం అంది. ఆవిడ తలూపింది. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు, ఆ నిగ్రహానికి తనకు తనే భుజం తట్టుకుంది. శిష్యురాలు రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగి, “మీరు బట్టలు మార్చుకుని పక్కగదిలో కూర్చోండి. లోపలికి రావొద్దు. కానీ కూర్చోండి” అని చెప్పి వెళ్ళింది. రావొద్దనడమేమిటి, కూర్చోమనడమేమిటి? అప్పటినుంచీ ఆవిడ దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తూనే ఉంది. వరండాలో అల్లుడు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పెళ్ళాం కళ్ళజోడు అతని చొక్కా జేబులో ఉంది, లోపలికి తీసుకెళ్ళనివ్వలేదట. ఊరందరికీ చూపు అమర్చిపెట్టే పిల్ల, తన బిడ్డ వచ్చేవేళకు తనే ఏమీ కనపడకుండా పడుకుంది. ఈ మాట తర్వాత చెప్పి ఏడిపించాలి అనుకుంది ఆవిడ. తర్వాత అని ఎంత ధీమాగా అనుకుందో గమనించి, ఆ ధీమాకు కాస్త సిగ్గుపడి, కాస్త సంతోషించింది.

కళ్ళకు పని లేకపోతేనేం, చెవులున్నాయి. లోహం లోహానికి తగిలిన చిన్న చప్పుడు, చర్మం మీద గాటు పడ్డదన్నమాట. మత్తు డాక్టర్ కూతుర్ని ఏదో అడుగుతున్నాడు, ఆ పిల్ల జవాబిస్తోంది, మెలకువగానే ఉంది, నడుం కింద మాత్రమే మొద్దుబారింది, నోటికేం మత్తు పట్టలేదు. సక్షన్ గొట్టం గరగరమని వెంటనే సన్నగా ఈల వేసింది. అంటే గర్భసంచి తెరిచారు, ఉమ్మనీరు ఎక్కువ లేదు, తల ఎంత గట్టిగా బిరడా వేసుక్కూర్చుందో ఆ ఈలే చెబుతోంది. అప్పుడు శిష్యురాలి గొంతు, పెద్దదీ కాదు చిన్నదీ కాదు, “చేయి లోపల.” అంతే, గదిలో మాట ఆగిపోయింది. ఆ పద్ధతి పెట్టింది ఆవిడే. బిడ్డ తలకోసం లోపల చెయ్యి పెట్టేవాళ్ళు ఆ రెండు మాటలూ పైకి అనాలి. మళ్ళీ తల బయట అనేదాకా గదిలో ఎవరూ నోరు మెదపకూడదు, పాత్ర కూడా కదపకూడదు. చేతికి చెవులుంటాయర్రా, మీరు గోల చేస్తే దానికి వినపడదు అని కుర్ర డాక్టర్లకు చెప్పేది. వాళ్ళు అప్పుడు మూతులు బిగబట్టుకుని నవ్వుకునేవాళ్ళు. ఇప్పుడు ఎవరు పెట్టిన పద్ధతో తెలియని కొత్త నర్సు కూడా ఆ మాట వినగానే ఊపిరి మెల్లగా తీసుకుంటుంది. ఇల్లు కట్టినవాడిని ఎవరూ తలుచుకోకపోయినా తలుపు సరిగ్గా మూసుకుంటోంది, ఇంకేం కావాలి.

ఆ నిశ్శబ్దంలో ఆవిడ మనసు కూడా చేత్తోపాటు లోపలికి వెళ్ళింది. ముందెముకకూ తలకూ మధ్య సందు, కాగితం పట్టేంత. వేళ్ళు బల్లపరుపుగా పెట్టి, పక్కనుంచి, గుంజకుండా, జారనివ్వాలి. మధ్యలో గర్భసంచి బిగుసుకుంటుంది, బిగుసుకుని చేతిని పట్టేస్తుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఆ బిగింపులో పోరాడితే చిరిగేది తల్లే. చెయ్యి ఎక్కడుందో అక్కడే వదిలేసి, దాని సంగతి మర్చిపోయి నిలబడాలి. బిగువు వదిలాక తల కిందికి చేరి, గడ్డం ఛాతీకి తగిలేలా ముందు తలను వంచాలి, వంచాక పైకి తేవాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. చెయ్యి లోపలికి చేరిందన్న సంబరంలో మణికట్టును కోత అంచుకు ఆనించి, పలుగుతో రాయి ఎత్తినట్టు ఎత్తబోతారు. అంచు పక్కలకు పగులుతుంది. ఎత్తవలసింది భుజంతో, మొత్తం చెయ్యితో. ఆవిడ పాఠమంతా చివరికి ఒక్క మాటయిపోయింది. ఎదుటివాళ్ళ చెయ్యి కాస్త మెలి తిరిగిందంటే చాలు, మాస్కు వెనకనుంచి “మణికట్టు” అనేది, ఇంకేం అనేది కాదు. ఆస్పత్రిలో తన వెనకాల తనను మణికట్టమ్మ అంటారని ఆవిడకు తెలుసు. ఎవరు మొదలుపెట్టారో కూడా తెలుసు.

తొందరమ్మే, ఇప్పుడు లోపల చెయ్యి పెట్టిన ఈ శిష్యురాలే. అలాగని ఆ పిల్లకు ముందు పేరు పెట్టింది మాత్రం ఆవిడే, కాబట్టి చెల్లుకు చెల్లు. మెట్లు రెండేసి దూకేది, అన్నం నమలకుండా మింగేది, సమాధానం చెప్పాక ప్రశ్న వినేది. ఒకసారి అలాగే మణికట్టు ఆనించి లాగింది, అంచు పక్కకు చిరిగింది, బిడ్డ ఏడుస్తుంటే కింద రక్తం. ఇద్దరూ కలిసి కుట్టారు, తల్లి క్షేమంగా ఇంటికెళ్ళింది. తొందరమ్మ మాత్రం మెట్లు ఒకటొకటిగా దిగుతూ వెళ్ళడం చూసి, ఆవిడకు భయమేసింది. తిట్టొచ్చు, తిట్టలేదు. సాయంత్రం ఇంటికి రమ్మంది. థియేటర్‌లో వేసుకునే తెల్ల రబ్బరు బూటొకటి తెచ్చి, సబ్బునీళ్ళు పోసి, కూతురి రబ్బరు బంతిని అందులోకి కసిక్కున దిగవేసి, ఇప్పుడు తియ్యి అంది. లాగితే రాదు. లాగేకొద్దీ కిందనుంచి పీల్చేస్తుంది. వేలు పక్కనుంచి బంతి కిందికి పోయి కాస్త గాలి వెళ్ళాలి, అప్పుడు దానంతటదే పైకొస్తుంది. వంటింటి గచ్చు మీద బాసింపట్లు వేసుక్కూర్చుని, మోచేతులదాకా సబ్బు నురగతో తొందరమ్మ కుస్తీ పడుతుంటే, బంతి పోయిన పసిపిల్ల గడపలో నిలబడి అంతా చూసి చూసి, బూటు బోర్లిస్తే సరిపోతుందిగా అంది. ఇద్దరు డాక్టర్లూ మొహమొహాలు చూసుకున్నారు. నవ్వు ఆగాక ఆవిడకు ఆ మాట లోపల గుచ్చుకుంది. పిల్ల చెప్పింది నిజమే కదా, ఆపరేషన్ బల్లని తల్లి తలవైపు దించితే బిడ్డ బరువు ఇటు జరుగుతుంది. పుస్తకంలో ఉన్నదే, తను బద్ధకించి సగంసార్లు చెయ్యనిదే. ఆ తర్వాత ఎప్పుడూ మానలేదు. బంతి మాత్రం సబ్బువాసన కొడుతోందని పిల్ల వారంపాటు అలిగింది.

ఎన్ని రకాల తలలు. కొన్ని అసలు కిందికే దిగవు, నొప్పులు రాకముందే కోసినప్పుడు పైనే తేలుతూ, తొట్టిలో సబ్బుబిళ్ళలా అందినట్టే అంది జారిపోతాయి. వాటికి పైనుంచి ఒకరు పొట్ట మీద మెత్తగా అదిమి పట్టుకోవాలి, ఒక్కోసారి చెంచాలాంటి పనిముట్టు ఒకటి పక్కన దూర్చి ఒడుపుగా తేవాలి. ఇరుక్కున్న తలలకు దారులు వేరు. ఆవిడకు పని నేర్పిన పెద్దాయన తల జోలికే పోయేవాడు కాదు, పైకి చెయ్యి పెట్టి పాదాలు వెతికి పట్టుకుని, కాళ్ళు ముందు, నడుం తర్వాత, తల ఆఖరికి, ఇరుకు చొక్కా విప్పినట్టు తీసేవాడు. భుజాలు ముందు తీసేవాళ్ళూ ఉన్నారు. ఇంకోదారి, ఒకరు కిందనుంచి, బిడ్డ మామూలుగా రావలసిన దారిలోంచే చెయ్యి పెట్టి తలను పైవాళ్ళకు అందివ్వడం. ఏ దారైనా చివరికి ఆ బరువు అరచేతిలోకి వచ్చే క్షణం ఒకటే. వెచ్చగా, తడిగా, ఇదివరకెవరూ ముట్టని తల. బజార్లో ఎవరో తల్లి ఆపి, మీరు తీసిన బిడ్డేనమ్మా అని చూపిస్తే ఆవిడ మొహం చూడదు, జుట్టులోకి చెయ్యి పోనిచ్చి వెనక గుండ్రం తడిమి, ఆఁ, ఈ తల నాకు తెలుసు అంటుంది. తల్లులు హాస్యమనుకుంటారు. సగం హాస్యమే.

తల బయట అన్న మాట ఇంకా రాలేదు. గడియారం చూడకూడదని ఆవిడ కుళాయి వంక చూసింది. కుళాయి చివర ఒక బొట్టు వేలాడుతోంది, పడడం లేదు. లోపల నిశ్శబ్దం మంచిదే, కానీ నిశ్శబ్దానికీ రంగులుంటాయి, ఇది కాస్త చిక్కబడింది. పాదాలకోసం వెళ్తుందా? గర్భసంచి ఇంత బిగువుగా ఉంటే పైకి చెయ్యి పోదు. పోనీ మత్తు డాక్టర్ వదులయ్యే మందు ఇచ్చాడా? ఇచ్చే ఉంటాడు. తను లేచి నిలబడి ఉన్నట్టు ఆవిడకు అప్పుడు తెలిసింది. ఒక్క తోపుతో తెరుచుకునే తలుపు. తోస్తే లోపల అందరి మొహాలూ ఇటు తిరుగుతాయి, తొందరమ్మ మొహం కూడా. సరిగ్గా ఆ క్షణాన చేతిని వినవలసిన పిల్ల తన కళ్ళలోకి చూస్తుంది. ఆవిడ కూర్చుంది. కూర్చోవడమంటే ఇదే, చెయ్యి బిగింపులో ఇరుక్కున్నప్పుడు మర్చిపోయి నిలబడడమే. ఇన్నాళ్ళూ ఎంత తేలిగ్గా చెప్పింది ఈ మాట.

తలుపు లోపలినుంచి తెరుచుకుంది. పెద్ద సిస్టరు, మాస్కు పైన కళ్ళు మాత్రమే. డాక్టరుగారు రమ్మంటున్నారు, కింద చెయ్యి కావాలిట అంది. కిందనుంచి అందివ్వవలసిన కుర్ర డాక్టర్ని పక్క థియేటర్‌లో ఎవరికో రక్తం ఆగడం లేదని లాక్కుపోయారు. ఉన్నవాళ్ళలో సన్నచెయ్యి మీదేనట అని కూడా అంది. ఆవిడకు అప్పుడు అర్థమైంది, రావొద్దు, కానీ కూర్చోండి. తొందరమ్మ ముందే ఆలోచించింది. మాటిచ్చానే అని ఒక్కసారి అనిపించింది. పిలవకుండా రాననే కదా, పిలిస్తే రాననలేదుగా అని సర్దిచెప్పుకుంటూనే చేతులు కడిగేసింది, సిస్టరు పట్టుకున్న గ్లౌజుల్లోకి వేళ్ళు దూర్చింది. ఇందాకటినుంచీ మాట వినని చేతులు ఇప్పుడు బుద్ధిగా ఉన్నాయి.

కూతురు చెప్పినట్టే అయింది. గదిలో ఉన్న ప్రతి కన్నూ ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ ఎవరి కళ్ళకూ చిక్కకుండా నేల వంక చూస్తూ బల్ల చివరికి నడిచింది. కూతురి కాళ్ళు ముందే మడిచి పక్కలకు వాల్చి ఉన్నాయి. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ కిందికి దూరింది. ఇన్నేళ్ళూ నిలబడి కిందికి చూసిన గదిని మొదటిసారి కిందనుంచి చూడడం. చూడడానికి ఏముంది, ఆకుపచ్చ గుడ్డలోంచి వడకట్టిన వెలుతురు, కూతురి తొడమీద చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డ మచ్చ. తెర అవతలనుంచి కూతురి గొంతు వచ్చింది. “అమ్మా, నువ్వేగా. ఆ ఎడమకాలు ఈడ్చుకుంటూ నడిచేది ఇంకెవరు?” జోడు లేకపోయినా చెవులున్నాయిగా, ఈ తల్లికి పుట్టిన చెవులు. మీ అమ్మని నేనే పిలిచానని తొందరమ్మ చెప్పింది. కూతురు “సరే. అయితే చెప్పినట్టు విను” అంది. బల్ల తలవైపు దించండి అని తొందరమ్మ అంటే, బల్ల మెల్లగా వాలుతుంటే, బూటు బోర్లిస్తున్నారా అని ఆ పిల్ల మళ్ళీ అందుకుంది. పైనుంచి తొందరమ్మ ముక్కులోంచి నవ్విన చప్పుడు ఆవిడకు వినిపించింది. మిగతావాళ్ళకు ఏమీ అర్థం కాలేదు.

“చేయి లోపల” అంది ఆవిడ, తన పద్ధతి ప్రకారం. గది ఆగిపోయింది.

వేళ్ళకు ముందు జుట్టు తగిలింది. బోలెడు జుట్టు. తర్వాత ఒత్తుకుని ఉబ్బిన చర్మం, ఎముకల మధ్య మెత్తని సందు. మనవడో మనవరాలో, ఎవరైతేనేం, ఎదురుగా వచ్చి కూర్చుంది. రెండు వేళ్ళతో పొడవకూడదు, పుర్రె ఇంకా మెత్తన, అరచెయ్యంతా పరిచి మోయాలి. పరిచింది. మొహం ఎటుందో చేతికి వెంటనే తెలిసిపోయింది. కొద్దిగా, ఈ కాస్త, ఇటు తిప్పితే చాలు. తిప్పమని ఆవిడ చేతికి ఎవరూ చెప్పలేదు, చెయ్యే తెలివైనది కదా, మొదలుపెట్టేసింది.

“మేడం” అంది పైనుంచి తొందరమ్మ. “మణికట్టు.”

ఆవిడ ఆగిపోయింది. గుడ్డ కింద, ఎవరికీ కనపడని చోట, తన మణికట్టు నిజంగానే మెలి తిరిగి ఉంది. ఈ పిల్లకెలా తెలిసింది? తెలియకేం, అవతల ఆ చెయ్యి కూడా అదే తలను పట్టుకునుంది. ఒక తలకు అటొక చెయ్యి, ఇటొక చెయ్యి, మధ్యలో తెలియనిదేముంది. చెవులు ఎర్రబడ్డాయి, ఆ వెంటనే నవ్వొచ్చింది, ఆ తర్వాత వచ్చిందానికి ఆవిడకు పేరు తోచలేదు, సంతోషమని సరిపెట్టుకుంది. మణికట్టు తిన్నగా చేసింది. గర్భసంచి బిగుసుకుంది, వేళ్ళను తలకూ ఎముకకూ మధ్య నొక్కిపట్టింది, నొప్పి మోచేతిదాకా పాకింది. “ఆగండి” అని గొంతు. తొందర లేని గొంతు. ఆవిడ ఆగింది. ఎప్పుడు నెట్టాలో తను చెప్పనక్కర్లేదు, తను ఆలోచించనక్కర్లేదు, అందరూ చూడవలసిన చోటే చూస్తున్నారు, తన మొహం గుడ్డ కింద ఉంది. చెయ్యి సంగతి మర్చిపోయింది. సైకిలు మీంచి పడ్డ రోజున ఆ పిల్ల ఏడవలేదనీ, సైకిలు బాగుందా అని అడిగిందనీ గుర్తొచ్చింది. బిగువు వదిలింది. “ఇప్పుడు” అంది తొందరమ్మ, “మెల్లగా.”

మోసింది. నెట్టడం కాదు, ఊరికే మోయడం. పక్కనుంచి ఎక్కడో చిన్నగా గాలి దూరిన చప్పుడు, తుస్సుమని, సబ్బునీళ్ళ బూటులో వచ్చినట్టే. అరచేతిమీది బరువు కాస్త తేలికయింది, ఇంకాస్త, వేళ్ళు దానివెంట వెళ్ళినంత మేరా వెళ్ళాయి, జుట్టు చివరలు తగిలాయి, ఆ తర్వాత ఏమీ తగల్లేదు. జీవితమంతా తలలు ఆవిడ చేతిలోకి వచ్చాయి. ఒక తల చేతిలోంచి వెళ్ళిపోవడం ఇదే మొదలు.

“తల బయట.”

గదిలోకి చప్పుళ్ళన్నీ ఒక్కసారి తిరిగొచ్చాయి. సక్షన్ గొట్టం, గిన్నెలు, ఎవరో ఆడపిల్ల అన్నారు, మరెవరో నవ్వారు, వాటన్నిటినీ తోసుకుంటూ ఒక కోపిష్ఠి ఏడుపు. ఆవిడ గుడ్డ కిందనే ఉంది. చెయ్యి పెట్టినచోటే పెట్టి ఉంచింది, తియ్యమని ఎవరూ చెప్పలేదు కదా. తెర అవతల కూతురు తనకు చూపించిన బిడ్డకేసి చూపు ఆనక అవస్థపడుతోందని గొంతులోనే తెలుస్తోంది. ఎర్రగా ఏదో కనిపిస్తోంది అంతే, మొహం తెలియడం లేదని మత్తు డాక్టర్ మీద విసుక్కుంటోంది. తర్వాత ఆ పిల్ల తల్లిని అడిగింది.

“అమ్మా, ఎవరిలా ఉందే? నువ్వు చూశావా?”

“మొహం చూళ్ళేదే” అంది ఆవిడ గుడ్డ కిందనుంచి. కళ్ళు తుడుచుకుందామంటే రెండో చేతికీ గ్లౌజు ఉంది. “తల మాత్రం నాకు తెలుసు.”

పైనుంచి తొందరమ్మ, కుట్లు మొదలుపెట్టబోతూ, ఇక చెయ్యి తియ్యొచ్చు మేడం అంది. ఆవిడ తీసింది.